గడప పక్కన సుద్ద గుర్తు

ఆ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నన్ను మూడుసార్లు కొట్టారు. ఒకసారి పప్పుగుత్తితో, ఒకసారి చెప్పుతో, మూడోసారి ఒక ముసలావిడ చేతికర్రతో. చెప్పుతో కొట్టినావిడ ఆ తర్వాత కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. కర్ర ముసలావిడ మాత్రం నన్ను చివరిదాకా క్షమించలేదు. ఆమె మనవడిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని సూది వేశాను, వాడు నా మణికట్టు రక్తం వచ్చేలా కొరికాడు, నేను వాడి చెంప పగలగొట్టాను. ఆ రోజుల్లో ప్రజల ఆరోగ్యం కోసం పనిచేయడం అంటే చాలావరకు ఇదే. దీన్ని సేవ అని రాసేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను సేవ కోసం చేరలేదు. మా అక్క క్షయతో పోయింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఆరునెలలు దగ్గి దగ్గి, చివరికి ఇత్తడి చెంబులో రక్తం కక్కి పోయింది. ఆ చెంబును మా అమ్మ తీసుకెళ్ళి మూసీలో పారేసింది. కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక నేను ఆ రోగం మీదే పగపట్టాను. నర్సు చదువు చదివి, యాభైల మొదట్లో, పాతబస్తీలో ఇంటింటికీ తిరిగే క్షయ సర్వేలో చేరాను. మాది మాదన్నపేటలో తరతరాలుగా గుడి పూజ చేసుకునే కుటుంబం. కనిపించిన ప్రతివాళ్ళ చెయ్యీ పట్టుకుని వస్తానని మా బాపు నన్ను పెరటి వైపు నుంచే రమ్మనేవాడు. బావి దగ్గర రెండు బిందెలు నెత్తిన గుమ్మరించుకుంటే తప్ప వంటింటి గడప దాటనిచ్చేవాడు కాదు. ఒకరోజు నేను స్నానం చేయకుండా వెళ్ళి అన్నానికి కూర్చుంటే నా ముందున్న కంచం తీసి గోడకేసి కొట్టాడు. నేను లేచి అదే కంచం తీసుకుని రెండోసారి గోడకేసి కొట్టాను. మా ఇంట్లో కోపానికి ఎన్నడూ కరువు లేదు.

సర్వే పద్ధతి చెబుతాను, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ముంజేతి మీద చర్మం కింద ఒక చుక్క మందు ఎక్కిస్తాం. సూది వేసిన రోజు వదిలేసి సరిగ్గా మూడో రోజు మళ్ళీ వెళ్ళి, అక్కడ ఎంత వాచిందో చిన్న కొలబద్దతో కొలుస్తాం. వాపు పెద్దదైతే ఆ మనిషికి రోగం ఎప్పుడో సోకిందని లెక్క. వాపు లేకపోతే రోగం రాకుండా టీకా వేస్తాం. మూడో రోజు దాటితే వాపు తగ్గడం మొదలవుతుంది, కొలత పనికిరాదు. పైగా ఇది అందరికీ కాదు. గల్లీలో ఉన్న ఇళ్ళకు చీటీలు రాసి, తీసిన చీటీలో ఏ ఇల్లు వస్తే ఆ ఇంటికే. మా డాక్టర్‌ మద్రాసు వైపు నుంచి వచ్చిన మనిషి. "అందరికీ వేస్తే అది ధర్మాసుపత్రి అవుతుందమ్మా. చీటీ తీసి వేస్తేనే పరిశోధన," అనేవాడు. ఆయన చీటీ తీసి ఊరుకునేవాడు, తిట్లు తినేదాన్ని నేను. చీటీ రాని ఇంటివాళ్ళు "మేం మనుషులం కామా?" అని గొడవ. వచ్చిన ఇంటివాళ్ళు "మా ఇంటికే ఎందుకు, మేమేం పాపం చేసినం?" అని గొడవ.

నాతో తిరిగే మనిషి ఒక ముసలి చప్రాసీ. నేను చాచా అని పిలిచేదాన్ని. ఒకప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసిన భుజాలు, అరవై దాటినా కుంగలేదు. తెల్ల గడ్డం, నోట్లో ఎప్పుడూ పాన్. మందుల పెట్టె, రిజిస్టరు ఆయన మోసేవాడు. పరదా పాటించే ఇళ్ళలోకి మగవాళ్ళు వెళ్ళకూడదు కాబట్టి లోపలి పని నాది, బయట అరుగు మీద కూర్చుని పేర్లు రాసుకోవడం ఆయనది. ఉర్దూలో ముత్యాల్లాంటి దస్తూరీ. నా రాత చూసి నవ్వేవాడు. "నీది కోడి గీకినట్టున్నది బేటీ," అనేవాడు. నేను తిడితే ఇంకా నవ్వేవాడు.

ఆ గల్లీ పేరు చెప్పను. మాదన్నపేట కూరగాయల మార్కెట్‌కు మరీ దూరం కాదు. అక్కడ ముసల్మానుల ఇళ్ళు, మావాళ్ళ ఇళ్ళు గోడకు గోడ ఆనించి ఉండేవి. చీటీలో వచ్చిన ఇళ్ళు కూడా దాదాపు సగం వాళ్ళవి, సగం మావి. చిక్కల్లా ఇంటి నంబర్లతో వచ్చింది. ఒక నంబరుకు నాలుగు తలుపులు, ఇంకో తలుపుకు రెండు నంబర్లు. అంతకుముందు చేసిన గల్లీలో ఇళ్ళు తారుమారై, సూది వేసిన చేతులు ఒకచోట, మేము కొలతకు వెళ్ళింది ఒకచోట అయింది. డాక్టర్ నన్ను నలుగురిలో నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. అందుకని ఈసారి చీటీ వచ్చిన ప్రతి ఇంటికీ సుద్దముక్కతో చిన్న సున్నా చుట్టాలని నిర్ణయించాను. ఆ నిర్ణయం నాదే, డాక్టర్‌కు కూడా చెప్పలేదు. తలుపు మీద గీస్తే రంగు పాడైందని ఇంటివాళ్ళు లొల్లి చేస్తారు. అందుకని గడప పక్కన, కింద రాతి మీద చుట్టమన్నాను.

అది బుధవారం పొద్దున, సూదులు వేసే రోజు. చాచా సుద్దముక్క చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"దర్వాజా కాడ నిషాన్ వద్దు బేటీ," అన్నాడు.

"ఎందుకు వద్దు?"

"గడబిడల నా కొడుకు ఇంటికి గిట్లనే పెట్టిండ్రు. పొద్దుగాల నిషాన్ పెట్టిండ్రు, మాపటికి వచ్చిండ్రు."

ఆయన కొడుకు ఏదో జిల్లాలో ఒక ఊళ్ళో చనిపోయాడని తెలుసు. ఎలా పోయాడో ఆ రోజే తెలిసింది. పోలీసు చర్య జరిగిన ఆ గడబిడల ఏడాది గుర్తులు రెండు వైపులా పెట్టారు. ముందు మావాళ్ళ తలుపులకు, తర్వాత వాళ్ళ తలుపులకు. మా మేనమామ ఇంటి తలుపుకు పెట్టిన గుర్తును మా అత్త గోళ్ళతో గీకి గీకి చెరిపింది. ఇవన్నీ నాకు తెలిసినవే. తెలిసి కూడా నేను అన్న మాట ఇది: "ఇది దవాఖాన పని చాచా, లూటీ పని కాదు. చెప్పిన పని చెయ్." గల్లీలో నలుగురికీ వినిపించేలా అన్నాను. ఆయన పాన్ ఉమ్మేసి, ఒంగి, మొదటి గడప పక్కన సున్నా చుట్టాడు. అలా ఇల్లిల్లూ ఒంగుతూ వెళ్ళాడు.

శుక్రవారం పొద్దున మా అమ్మ, నేను కలిసి మా ఇంటి గడప కడిగాం. ప్రతి శుక్రవారం కడిగేదే. బిందెడు నీళ్ళు కొట్టి, కొబ్బరి పీచుతో గడపా దాని పక్కనున్న రాళ్ళూ తోమి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముగ్గు వేసేవాళ్ళం. పాతబస్తీలో మావాళ్ళ ఇళ్ళన్నింటిలో అదే వేళకు అదే పని. నా చేతులు పీచుతో రాయి తోముతున్నాయి. నా బుర్ర ఎక్కడ ఉందో మరి. ఆ గల్లీలో కూడా సగం గడపలు అదే గంటలో కడుగుతారని, మిగతా సగం కడగరని ఒక్క క్షణం కూడా తట్టలేదు. గడపలు కడుగుతూ పెరిగిన మనిషిని, నాకు తట్టకపోతే ఆ మద్రాసు డాక్టర్‌కు తడుతుందా?

శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చేవాళ్ళు గల్లీలో ఏం చూసి ఉంటారో మీరే ఊహించండి. మావాళ్ళ గడపలన్నీ పసుపుతో మెరుస్తున్నాయి, ఒక్క గుర్తూ లేదు. సుద్ద సున్నాలు మిగిలింది వాళ్ళ ఇళ్ళ పక్కనే.

శనివారం పొద్దున చాచా పెట్టె తీసుకోకుండా ఉత్త చేతులతో వచ్చాడు.

"ఇయాల పోవద్దు బేటీ. చాయ్ హోటల్ల మాటలు మంచిగ లేవు. రెండు దినాలు ఆగుదాం."

"రెండు రోజులాగితే కొలత ఏమైతది?"

"కొలత పోతే పోనియ్యి."

"ఎవని బాబు సొమ్మని పోనిస్తావు? నీకు భయమైతే ఇంట్ల కూసో. నేనొక్కదాన్నే పోతా."

నేను ఒక్కదాన్నే వెళ్ళలేనని ఆయనకు తెలుసు, ఆయన నన్ను ఒంటరిగా వెళ్ళనివ్వడని నాకు తెలుసు. వెనక్కి వెళ్ళి పెట్టె తెచ్చుకున్నాడు. ఆ రోజు డాక్టర్ వేరే బస్తీలో ఉన్నాడు.

మొదటి ఇంట్లోనే జరిగింది. బుధవారం చాచా మొదట ఒంగి గుర్తు పెట్టిన ఇల్లు అది. నేను గోనెపట్టా పరదా లోపల, ఆ ఇంటావిడ ముంజేయి నా ఒళ్ళో పెట్టుకుని వాపు కొలుస్తున్నాను. నలభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. బయట అరుగు మీద చాచా రిజిస్టరు తెరిచాడు. ముందు చెప్పుల చప్పుడు, తర్వాత ఒక గొంతు.

"యే నిషాన్ కోన్ లగాయా?"

గుర్తు పెట్టింది ఎవరని అడుగుతున్నారు. చాచా "మైనే," అన్నాడు. నేనే అని. అంత మామూలుగా అన్నాడు.

"కిస్కే బోలే సో?"

ఎవరు చెబితే పెట్టావని. దీనికి ఆయన జవాబు చెప్పలేదు. మొదటి దెబ్బ అప్పుడు పడింది. పరదా సందులోంచి నాకు అంతా కనిపిస్తోంది. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో పనిచేసే ఒకాయన చేతిలో బట్ట కొలిచే ఇనుప గజం ఉంది. దాంతో మూతి మీద కొట్టాడు. పాన్ రసమో రక్తమో గడ్డం మీదుగా కారింది. చాచా రిజిస్టరు మూసి గుండెకు ఆనించుకుని, దాని మీద కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఇంకొకడు తలుపుకు అడ్డం పెట్టే కర్ర తెచ్చాడు. "మనోడై మనోళ్ళ ఇండ్లకే నిషాన్ పెడ్తవా? ఎవడు పెట్టమన్నడు? ఎంతకు అమ్ముకున్నవ్?" ప్రతి ప్రశ్నకూ ఒక దెబ్బ. కర్ర ఆ చేతి మీద పడినప్పుడు ఎముక విరిగిన శబ్దం విన్నాను. ఎండు కందికట్టె విరిచినట్టు ఉంది. చాచా అరుగు మీంచి జారి గల్లీలో పడ్డాడు. పడ్డాక కాళ్ళతో తన్నారు. ఇరవైమంది ఉంటారు, వాళ్ళలో ఆయనకు రోజూ సలాం చెప్పేవాళ్ళు ఉన్నారు. బస్తాలు మోసిన మనిషి, తిరగబడితే ఇద్దరినైనా కింద పడేసేవాడు. తిరగబడలేదు.

"ఎవరు చెప్తే పెట్టినవ్, చెప్పు. చెప్తే ఇడ్సిపెడ్తం."

చెబితే వదిలేసేవారు. అది నాకూ వినబడింది. నేను ఒక్క మాట అంటే చాలు. బయటికి వెళ్ళి, నేనే పెట్టమన్నాను అంటే చాలు. బాపు ముందు కంచం గోడకేసి కొట్టినదాన్ని, పిల్లవాడి చెంప పగలగొట్టినదాన్ని, ముక్కు మీద కోపం ఉన్నదని పేరుబడ్డదాన్ని. కూర్చున్న చోటు నుంచి లేవలేదు. చేతిలో కొలబద్ద అలాగే ఉంది. ఎనిమిది అని చదివాను, మళ్ళీ ఎనిమిది అని చదివాను. నా జన్మలో అంత సిగ్గుమాలిన పని మరొకటి చేయలేదు.

ఇంటావిడ నా మొహంలోకి చూసింది. బుధవారం నేను గల్లీలో నిలబడి చాచాను గద్దించింది ఆమె ఈ పరదా వెనక నుంచి విన్నది. అది ఆమె కళ్ళలో స్పష్టంగా ఉంది. నా ఒళ్ళో నుంచి చెయ్యి లాక్కుని, తల మీద దుపట్టా కప్పుకుని, బురఖా లేకుండా బయటికి నడిచింది. ఆ గల్లీలో పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఆమె అలా బయటికి రాలేదట.

గుంపు మధ్యకు వెళ్ళి గజం పట్టుకున్న మనిషి చేతిని పట్టుకుంది. ఎదుటి ఇంటి తలుపు చూపించింది. "ఆ ఇంటికి గూడ నిషాన్ పెట్టిండు. నేను చూసిన. నిన్న పొద్దుగాల వాళ్ళు కడిగిండ్రు, పోయింది. మీ ఇండ్ల ఎవరన్న కడిగిండ్రా? కళ్ళు లేవా మీకు?" అని ఎదుటి తలుపు దబదబా బాదింది. ఆ తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. మావాళ్ళావిడే, భయంతో ముడుచుకుపోయి వచ్చి, "అవును, మా గడప కాడ గూడ సున్న ఉండె. నేనే కడిగిన," అంది. పక్కింటావిడా అదే చెప్పింది. గజం కిందికి దిగింది. గుంపులోంచి ఒకడు "యా అల్లా" అని అరుగు మీద కూలబడ్డాడు. కొట్టినవాళ్ళే చాచాను లేపి నీళ్ళు తాగించారు. వాళ్ళ మీద నాకు అప్పుడు కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. సుద్ద గుర్తుకు భయపడేలా వాళ్ళకు నేర్పింది ఎవరో అందరికీ తెలుసు, ఆ పాఠం అటూ ఇటూ అందరం చదువుకున్నదే. ఆ భయాన్ని తెచ్చి వాళ్ళ గడపల దగ్గర పెట్టింది నేను.

నేను బయటికి వచ్చింది అంతా అయిపోయాకే. రిక్షాలో చాచా తల నా భుజం మీద వాలి ఉంది. ముందు పళ్ళు మూడు లేవు. "కొలతలు అయినయా?" అని అడిగాడు. ఆయన్ను కూడా కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

విచారణ జరిగింది. చాచా కుడిచేతికి కట్టు, మూతి ఇంకా వాచి ఉంది. గుర్తు గడప దగ్గర పెట్టాలన్న ఆలోచన ఎవరిదని పెద్ద అధికారి అడిగాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"నాదే సాబ్. నర్సమ్మకు తెల్వదు," అన్నాడు చాచా.

దాన్ని కాగితం మీద రాశారు. ఆయన ఎడమచేతి బొటనవేలితో ముద్ర వేశాడు. అంత అందమైన దస్తూరీ ఉన్న మనిషి వేలిముద్ర వేశాడు. సాక్షిగా సంతకం పెట్టమని కలం నాకిచ్చారు. పెట్టాను. వరండాలోకి వచ్చాక, ఎందుకు అలా చెప్పావని ఆయన మీద విరుచుకుపడ్డాను. నాకు తెలిసింది అదొక్కటే కదా.

"చెయ్యి ఎట్లనో పాయె. ఇగ నాకు నౌకరీ ఉంటదా, పోతదా? నీది ఉండనియ్యి," అన్నాడు. తర్వాత, "గని నేను ముందుగాల చెప్పిన బేటీ," అన్నాడు. అందులో నిష్ఠూరం ఉంది. ఆయన దేవుడు కాడు, ఉండకుండా ఎలా ఉంటుంది?

ఆ చెయ్యి మళ్ళీ కలం పట్టలేదు. రెండేళ్ళు బతికాడు. నేను నాలుగైదుసార్లు వెళ్ళాను, వెళ్ళినప్పుడల్లా నిజం చెబుదామనుకునేదాన్ని, ఆయన భార్యతో. ఆమె ప్రతిసారీ గ్లాసులో చాయ్ తెచ్చి, "మీ మీద మస్తు ప్రేమ ఆయనకు," అనేది. ఆ చాయ్ తాగి వచ్చేసేదాన్ని. మా అమ్మతో మాత్రం ఒకసారి చెప్పాను. గడప తోముతూ విని, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అని, ఇంకో చెంబు నీళ్ళు పోసింది. నాకు ఆ కాలు కడిగే అవకాశం కూడా దక్కలేదు. నాకు పై చదువు వచ్చింది, పెద్ద ఉద్యోగం వచ్చింది. దానికి కారణమైన పత్రాల్లో ఆ సర్వే కొలతలూ ఉన్నాయి.

చాలా ఏళ్ళ తర్వాత ఆ ఉద్యోగమే నన్ను తూర్పు ఆఫ్రికాకు తీసుకెళ్ళింది. అదే రోగం, అదే చుక్క మందు, అదే మూడో రోజు కొలత. మాతో ఒక కుర్ర డాక్టర్, తెల్లవాడు, మంచివాడే, నాలాగే తొందర మనిషి. చీటీ వచ్చిన గుడిసెలకు తెల్ల రంగుతో గీత పెట్టమని మా వెంట తిరిగే ఊరి ముసలాయనకు కుంచె ఇచ్చాడు. ఆ ముసలాయన కుంచె పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. వద్దన్నట్టు తల ఊపాడు. అక్కడ కొన్నేళ్ళ క్రితం తెల్లవాళ్ళ సైన్యం గుడిసెలకు గుర్తులు పెట్టి తగలబెట్టిందని దుబాసీ మెల్లగా చెప్పాడు. కుర్ర డాక్టర్‌కు ఓపిక లేదు. చెప్పిన పని చెయ్యమని గద్దించాడు. ఊరందరికీ వినిపించింది.

నేను వెళ్ళి ముసలాయన చేతిలోంచి కుంచె తీసుకున్నాను. రంగు డబ్బాకు మూత పెట్టాను. మా ఊళ్ళో ఒకసారి ఇలాంటి గుర్తుల వల్ల ఒక మనిషిని చావగొట్టారని, చెయ్యి పోయిందని డాక్టర్‌తో అన్నాను.

"ఎవరు పెట్టించారు వాటిని?" అని అడిగాడు.

ఆ ప్రశ్న పరదా వెనక కూర్చుని ఒకసారి విన్నాను. ఈసారి మధ్యలో పరదా లేదు.

"నేనే చెప్పిన," అన్నాను. తెలుగులో వచ్చింది ఆ మాట. అతనికి అర్థం కాక మళ్ళీ చెప్పమన్నాడు. అతనికి తెలిసేలా మళ్ళీ చెప్పాను. ముసలాయనకు కూడా చెప్పమని దుబాసీని అడిగాను.